పదిహేనో నట్టు

పోయినవారం మనం భీమశంకరరావుని బల్ల ముందు నిలబెట్టి వచ్చేశాం. పసుపు హెల్మెట్‌లో ఏడు నట్లు, నీలం హెల్మెట్‌లో ఏడు నట్లు. ఎక్కడో పొరబడ్డానేమోనని ఆయన మూడుసార్లు బోర్లించి లెక్కపెట్టాడు. నట్లకి మొహమాటాలుండవు, మూడుసార్లూ ఏడూ ఏడే వచ్చాయి. పాపం, ఆ పెద్దమనిషి వారం రోజులుగా అలాగే నిలబడి ఉన్నాడు. ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ఆయన్ని కదిలిద్దాం.

అచ్యుతాపురం దారిలో ఉన్న రోలింగ్ మిల్లులో పందొమ్మిది రోజుల కిందట సింహాద్రి అనే ఫిట్టరు చనిపోయాడు. ఎర్రగా కాలిన ఇనుప కడ్డీలని మోసుకుపోయే రోలర్ల కింద ఒక గొయ్యి ఉంటుంది. బేరింగులకి గ్రీజు పెట్టడానికి అందులోకి దిగాడు. అతను పైకి రాకముందే పైన రోలర్ల స్విచ్చి పడింది. వేసింది ఉమాశంకర్, ప్యానెల్ ఆపరేటరు, ఇరవై ఏడేళ్ళవాడు. వేశానని అతనే ఒప్పుకున్నాడు. ఒప్పుకోనిది ఒక్కటే. గొయ్యిలోకి దిగే ప్రతివాడూ తన పేరు కొట్టిన ఎర్ర ఇనుప బిళ్ళని ప్యానెల్ కొక్కేనికి కట్టి దిగాలి. అది వేలాడుతున్నంతసేపూ స్విచ్చి మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. ఎవరి బిళ్ళ వాళ్ళే తీసుకోవాలి. "నాను చూసేసరికి అక్కడ బిళ్ళ లేదు" అంటాడు ఉమాశంకర్. "మాయాయన బిళ్ళ కట్టకుండా దిగే మనిసి కాడు" అంటుంది సింహాద్రి భార్య దేముడమ్మ. ఇద్దరిలో ఎవరో ఒకరు అబద్ధమాడుతున్నారని మిల్లంతా అనుకుంటోంది.

చనిపోయినవాడి అన్న జగ్గయ్య కార్మిక సంఘానికి కార్యదర్శి. ఉమాశంకర్ని సంఘంలోంచి తీసెయ్యాలని తీర్మానం పెట్టింది అతనే. సంఘం అడ్డం నిలబడ్డంతకాలం మిల్లు ఆ కుర్రాణ్ణి కదపలేదు. సంఘం చెయ్యి వదిలిందా, సోమవారానికల్లా గేటు బయట ఉంటాడు. మనిషిని చంపినవాడన్న పేరుతో ఈ చుట్టుపక్కల ఇంకే ప్యానెల్ ముందూ కూర్చోలేడు.

ఇక ఆ నట్ల సంగతి. ఈ సంఘం పుట్టింది మిల్లు స్టోర్ల వెనక సందులో. ఆ రోజు ఓటు వేద్దామంటే కాగితం దొరకలేదు, నట్లు దొరికాయి. అప్పట్నుంచీ అదే అలవాటు. బీరువా వెనక రెండు హెల్మెట్లు పెడతారు. అవునంటే పసుపుదాంట్లో, కాదంటే నీలందాంట్లో ఒక్కొక్కరూ వెళ్ళి నట్టు వేసి వస్తారు. కమిటీలో పద్నాలుగు మంది, పైన అధ్యక్షుడు. అధ్యక్షుడు మామూలుగా ఓటెయ్యడు. అటూ ఇటూ సమానంగా వచ్చినప్పుడు మాత్రమే వేస్తాడు. అందుకని పదిహేనో నట్టు ఆయన ముందు బల్ల మీద ఉంటుంది. భీమశంకరరావు అధ్యక్షుడై పదకొండేళ్ళు. పదకొండేళ్ళుగా ఆ నట్టు మీటింగు కాగానే డబ్బాలోకి వెళ్ళిపోతూ వచ్చింది.

"సమానం" అన్నాడాయన. "పది నిమిషాలు టీ తాగి రండి. తర్వాత నేను వేస్తాను."

ఆదివారం సాయంత్రం నాలుగయింది. కూర్మన్నపాలెం జంక్షన్‌లో టైర్ల షాపు మీద ఉంది సంఘం గది. బస్సుల హారన్లు కిటికీలోంచి లోపలికి వస్తున్నాయి. ఎవరో ఆయన చేతిలో టీ గ్లాసు పెట్టారు. అది కాలుతోందో లేదో ఆయనకి తెలియలేదు. ఈ పందొమ్మిది రోజులుగా ఆయనకి ఏదీ తెలియడం లేదు. తింటున్నాడు, స్నానం చేస్తున్నాడు, డ్యూటీకి వెళ్ళొస్తున్నాడు. సింహాద్రి శవం ముందు అందరూ ఏడుస్తుంటే ఆయన మాత్రం అంబులెన్స్ నంబరు ప్లేటు చదువుతూ నిలబడ్డాడు. ఎంత నిబ్బరం ఆయనది అనుకున్నారు జనం. నిబ్బరం కాదు, లోపల మొద్దుబారిపోయింది. పన్ను పీకేముందు సూది వేస్తే చెంప ఎలా ఉంటుందో, మనిషి మొత్తం అలా ఉన్నాడు.

ఎందుకో ఇప్పుడు చెప్పెయ్యాలి. ఇంకో వారం దాచడం నా వల్ల కాదు.

ఆయన కుర్చీ కింద ఒక సంచి ఉంది. అందులో టిఫిన్ క్యారియరు. దాని పైగిన్నెలో, జేబురుమాలులో చుట్టి, సింహాద్రి ఎర్ర బిళ్ళ ఉంది.

ఆ రోజు మధ్యాహ్నం రెండింటి షిఫ్టుకి ఇన్‌ఛార్జి భీమశంకరరావు. పావుగంట ముందే వచ్చాడు. ప్యానెల్ గదిలో ఎవరూ లేరు. కొక్కేనికి సింహాద్రి బిళ్ళ వేలాడుతోంది. ఉదయం షిఫ్టువాళ్ళు పని అయిపోయిందని రాసి సంతకం పెట్టి వెళ్ళిపోయారు. బిళ్ళ తీసుకోవడం మరిచిపోయి బస్సుకి పరుగెత్తడం ఆ మిల్లులో వారానికొకడైనా చేసే పని. అలాంటప్పుడు ఇన్‌ఛార్జి కనుక్కుని, మనిషి వెళ్ళిపోయాడనుకుంటే తనే తీసేస్తాడు. రూలు అది కాదు. రూలేమిటో కొత్తగా చేరినవాళ్ళకి పాఠం చెప్పేది కూడా ఈయనే. అయినా ఇలాంటివి ఆయన చేత్తో ఎన్నో తీశాడు, ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడమే ఆయన్ని ముంచింది.

బయటికి వచ్చి అడిగాడు. సింహాద్రి బస్సులో ఉన్నాడన్నారు. మళ్ళీ లోపలికి వెళ్ళి బిళ్ళ తీయబోయాడు. అది ఊడలేదు. అందరూ తీగతో కడితే సింహాద్రి వల అల్లే నీలం నైలాన్ తాడుతో కడతాడు. సముద్రం మీద బతికిన ఇంటివాడు, చేతికి వచ్చిన ముడి అదే. ఈయనది గోదావరి జిల్లా, ఆ ముడి ఈయనకి ఏం తెలుస్తుంది? నిమిషం సేపు గోళ్ళతో పెనుగులాడి, తాళాల గుత్తికున్న చాకుతో తాడు కోసేసి, బిళ్ళ జేబులో వేసుకున్నాడు. రేపు ఇచ్చి నాలుగు చీవాట్లు పెడదామనుకున్నాడు. గొయ్యిలోకి ఒక్కసారి తొంగి చూడాలని మాత్రం తోచలేదు. రెండూ అయిదుకి ఉమాశంకర్ వచ్చి ప్యానెల్ ముందు కూర్చున్నాడు. అప్పుడు అక్కడ బిళ్ళ లేదు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఆ సంగతి తెలిసిన మనిషి లోకంలో ఒక్కడే.

మొదటిరోజు భయంతో చెప్పలేదు. రెండోరోజు, నిన్ననే ఎందుకు చెప్పలేదంటారని చెప్పలేదు. ఆ తర్వాత భయం కూడా మొద్దుబారింది. నిన్నటిదాకా మిల్లు లాకర్లో దాచిన బిళ్ళని రాత్రే క్యారియరులో ఇంటికి తెచ్చాడు. ఈ ఉదయం ఆయన భార్య సూర్యకళ క్యారియరు కడుగుతూ ఆ బిళ్ళ చూసింది. పేరు చదివింది. ఏమండీ అని కూడా అనలేదు. తుడిచి, రుమాలు మార్చి, ఎక్కడిదక్కడ పెట్టేసింది.

టీ గ్లాసుతో ఆయన మెట్ల మీదకి వచ్చాడు. అక్కడ ఉమాశంకర్ ఒక్కడే గోడకి ఆనుకుని ఉన్నాడు. పని నేర్పినవాడు కాబట్టి ఆయన్ని మాస్టారూ అంటాడు.

"ఏటి మాస్టారూ, టీ తాగనేదు?"

"తాగుతాను."

"మీ చేతిలో పడిందంటే నాకు కొంచెం ధైర్యంగా ఉంది. అమ్మ కూడా అదే అంది. ఆయన తప్పు చెయ్యర్రా, నువ్వు అన్నం తిని ఎల్లు అంది." కుర్రాడు నవ్వబోయాడు, కుదరలేదు. "గానీ మాస్టారూ, నాకే ఇప్పుడు డౌటొస్తంది. అంత జాగ్రత్త మనిసి బిళ్ళ కట్టకుండా దిగుతాడా? ఉంటే మరి నాను చూడలేదా ఏటి? కళ్ళు మూసుకుంటే ఆ కొక్కెమే. మొదట్లో ఖాళీగా కనబడేది. ఈ నాలుగు రోజుల్నించీ బిళ్ళ ఉన్నట్టు కూడా కనబడతంది."

నువ్వు సరిగ్గానే చూశావు. ఈ మూడు మాటలు భీమశంకరరావు నాలుక మీద ఉన్నాయి. నాలుక లేవలేదు.

"చల్లారిపోతోంది, టీ తాగు" అని తన గ్లాసు వాడి చేతిలో పెట్టాడు.

లోపలికి తిరిగేసరికి గుమ్మం పక్క బెంచీ మీద కూర్చున్న దేముడమ్మ లేచి నిలబడింది. ఆమెకి ఓటు లేదు. తన మొగుడి పేరు ఎత్తుతారు కాబట్టి వినడానికి వచ్చింది.

"బాబూ, మీరు ఏ టోపీలో ఎయ్యమనీ నానడగను" అంది. "ఆ పిల్లోడి ఉజ్జోగం పోతే ఆడి తల్లి ఏడుత్తాది. ఏడుపంటే ఏటో నాకు తెల్దా? గానీ ఆడి మాటే నిజమైతే, మాయాయన బిళ్ళ కట్టకుండా దిగిపోనాడని రాసేత్తారు కదా. సొంత తప్పు కాబట్టి నాకు ఉజ్జోగం ఇవ్వరంట. ఇవ్వకపోతే మానీ, సేపలమ్ముకుంటాను. మనిసి పోయేక కూడా అజాగర్తోడని రాసీడమేటి బాబూ?"

ఆమె ఒక అడుగు దగ్గరికి వచ్చింది.

"పెద్దకర్మ నాడు పటం ముందర ఆ బిళ్ళ పెడదామని మిల్లోళ్ళని అడిగేను. ఎక్కడా దొరకనేదన్నారు. పద్దెనిమిదేళ్ళు ఆ బిళ్ళ కట్టేడు. ఒక్కసారి సేత్తో పట్టుకుందామనుకున్నాను."

ఆయన తల ఊపి వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. కాలికి సంచి తగిలింది.

పసుపు హెల్మెట్‌లో వేస్తే ఉమాశంకర్ పోతాడు. నీలందాంట్లో వేస్తే సింహాద్రి చచ్చి కూడా తప్పు మోస్తాడు. మధ్యలో ఒక దొడ్డిదారి ఉంది. సంఘం పెట్టిన మొదటి అధ్యక్షుడు పదవి అప్పగించేటప్పుడు ఈయనకి ఒక సలహా చెప్పాడు: సమానంగా వస్తే కొత్తగా ఏదీ జరగనివ్వకు, ఉన్నదాన్ని ఉన్నట్టే ఉండనియ్యి. అంటే నీలం. సంప్రదాయం ప్రకారం వేశానంటే వేలెత్తి చూపేవాడుండడు. కుర్రాడు బతుకుతాడు, తనూ బతుకుతాడు. సింహాద్రి ఎలాగూ లేడు. ఎంత నీచమైన లెక్కో ఆయనకి తెలుస్తూనే ఉంది. తెలిసినా మనసులో ఏ మూలా చురుక్కుమనలేదు. అన్నిటికంటే అదే ఘోరం.

అందరూ వచ్చి కూర్చున్నారు. ఆయన నట్టు చేతిలోకి తీసుకున్నాడు.

"ఒక్క నిమిసం, ప్రెసిడెంట్ గారూ" అని జగ్గయ్య లేచాడు.

మామూలుగా జగ్గయ్య ఆయన్ని బావా అంటాడు. పాతికేళ్ళుగా ఒకే మిల్లు, ఒకే బస్సు, పండక్కి ఒకరింట్లో ఒకరు తిన్న స్నేహం. ఈ రోజు పొద్దుట్నుంచీ మాత్రం ప్రెసిడెంట్ గారే. భుజం మీద తమ్ముడి ఎర్రగళ్ళ తువ్వాలు ఉంది. ఆ రోజు బస్సులో ఉండిపోయిన తువ్వాలు. పందొమ్మిది రోజులుగా అతను దాన్ని భుజం మీంచి దించలేదు.

జేబులోంచి ఏదో తీసి బల్ల మీద పెట్టాడు. వేలెడు పొడవు నీలం నైలాన్ తాడు.

"నిన్న ప్యానెల్ రూముకెల్లేను. కొక్కెం ఎనకమాల సందులో ఇది ఇరుక్కుపోయుంది. ఒక్కడూ సూడనేదు. మా తమ్ముడు బిళ్ళ కట్టే తాడు ఇది. ఈ కొస సూడండి, ఇప్పింది కాదు, కోసింది. మా ముడి మాకు తప్ప ఇప్పడం రాదు. రానోడెవడో కోసేసేడు." ఉమాశంకర్ వైపు తిరిగాడు. "బిళ్ళ నేదు, నేదు అని పందొమ్మిది రోజుల్నించీ సెప్తన్నావు కదరా. మరిదేటి?"

గదిలో గొడవ బయల్దేరింది. నీలందాంట్లో వేసినవాళ్ళెవరో మొహాలు చూస్తే తెలిసిపోతోంది; వాళ్ళు తలలు వంచుకున్నారు. మళ్ళీ ఓటు పెట్టాలని ఇద్దరు ముగ్గురు అరిచారు. తీర్మానాలు రాసే తాతబాబు పుస్తకం మూసి, అలా కుదరదనీ, ఒకసారి సమానమైతే ఇక ప్రెసిడెంటు గారే వెయ్యాలనీ గొంతు చించుకున్నాడు. అయితే వెయ్యమనండి, ఇంకా చూసేదేటి అన్నారు వాళ్ళు.

ఉమాశంకర్ బల్ల దగ్గరికి వచ్చాడు. తాడు ముక్కని ముట్టుకోకుండా వంగి చూశాడు. చాలాసేపు చూశాడు.

"అయితే ఉందన్నమాట" అన్నాడు మెల్లగా. "నాకే కనబడలేదేమో. ఏమో, నానే తీసేసేనేమో మాస్టారూ. నాకు గుర్తు లేదు. పసుపుదాంట్లో ఏసెయ్యండి. ఈ ఆలోచనైనా పోతాది."

అప్పుడు భీమశంకరరావు కదిలాడు. ధైర్యం వచ్చి కాదు, అంత పెద్ద మాట అనకండి. చెయ్యని పనిని చేశానని ఒక మనిషి తన కళ్ళ ముందు నమ్మడం మొదలుపెట్టాడు; దాన్ని ఆపడానికి చెయ్యి దానంతటదే సంచిలోకి వెళ్ళింది. క్యారియరు బల్ల మీద పెట్టి మూత తీశాడు. ఆకలేసిందా ఈయనకి అన్నట్టు చూశారు కొందరు. రుమాలు విప్పి బిళ్ళని తాడు ముక్క పక్కన పెట్టాడు. బిళ్ళకున్న నీలం తాడు కొసనీ, జగ్గయ్య తెచ్చిన కొసనీ దగ్గరికి జరిపాడు. రెండూ సరిగ్గా అతికాయి.

"బిళ్ళ ఉంది" అన్నాడు. ఆ గొంతు డ్యూటీ చార్టు చదువుతున్నట్టుంది. "సింహాద్రి కట్టాడు. దేముడమ్మ చెప్పింది నిజం. ఉమాశంకర్ వచ్చేసరికి లేదు. వాడు చెప్పిందీ నిజం. మధ్యలో కోసింది నేను. షిఫ్టు మారేటప్పుడు, పైకి వచ్చేశాడనుకుని కోశాను. గొయ్యిలోకి చూడలేదు. పందొమ్మిది రోజులుగా ఇది నా దగ్గరే ఉంది. రాసుకో తాతబాబూ."

తాతబాబు కలం పట్టుకున్నాడు గానీ రాయలేదు.

భీమశంకరరావు నీలం హెల్మెట్ దగ్గరికి జరుపుకుని, పదిహేనో నట్టు అందులో వేశాడు. ఇనుము మీద ఇనుము పడిన చప్పుడు గదంతా వినబడింది.

"తీర్మానం వీగిపోయింది. ఏడుకి ఎనిమిది. ఉమాశంకర్ సంఘంలోనే ఉంటాడు. సింహాద్రి బిళ్ళ కట్టే దిగాడని రేపు మిల్లుకి నా సంతకంతో రాసిస్తాను. ఈ కుర్చీ ఇంకెవరైనా తీసుకోండి."

ఎవరూ ఆయన మీద పడలేదు. ఎవరూ తిట్టలేదు. పడితే బాగుండునని ఆయన ఎదురుచూశాడు. ఉమాశంకర్ నిలబడ్డచోటే నేల మీద కూర్చుండిపోయి మోకాళ్ళలో తల పెట్టుకున్నాడు. వాడి భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి.

దేముడమ్మ బెంచీ మీంచి లేచి వచ్చింది. బిళ్ళని రెండు చేతుల్తో తీసుకుంది. పైట కొంగుతో తుడిచింది. దాని మీద మరకేమీ లేదు, పొద్దున్నే సూర్యకళ తుడిచింది. అయినా తుడుస్తూనే ఉంది.

"ఎవులినీ అడక్కుండా కోసేసేరా బాబూ?"

"అడిగానమ్మా."

"ఏటన్నారు?"

"బస్సెక్కేశాడన్నారు."

ఆమె తలెత్తింది. "కింద గోతిలో ఉన్నోడు బస్సెక్కేసేడని ఎవులన్నారు?"

పందొమ్మిది రోజులుగా భీమశంకరరావు ఆలోచన సరిగ్గా ఇక్కడికి వచ్చి ఆగిపోతోంది. ఇప్పుడు ఆగలేదు. ఆ రోజు ప్యానెల్ గది మెట్ల మీంచి కనబడిన షిఫ్టు బస్సు, దాని రెండో కిటికీ, కిటికీ పక్క సీటు మీద పరిచిన ఎర్రగళ్ళ తువ్వాలు. ఆ సీట్లో ఎవడో కూర్చోబోతున్నాడు. తమ్ముడికి సీటు పోకూడదని వాణ్ణి ఒక చేత్తో ఆపుతూ, కిటికీలోంచి తల బయటికి పెట్టి జగ్గయ్య అరిచాడు: "ఎక్కేసేడు బావా, ఎక్కేసేడు!" తమ్ముడు వస్తాడు, రాకపోతే రెండో బస్సుకి వస్తాడు అనుకున్నాడు. అంతే. సీటు కోసం అన్న మాట. రోజూ బస్సులో అందరూ అనే మాట. అనేసి మరిచిపోయాడు. ఇవాళ్టికీ అతనికి ఆ మాట గుర్తు లేదు.

ఇన్నాళ్ళకి మళ్ళీ భీమశంకరరావుకి భయం వేసింది. తన కోసం కాదు.

జగ్గయ్య బల్ల చుట్టూ తిరిగి ఆయన దగ్గరికి వచ్చాడు. కొడతాడని అందరూ లేచారు. అతను కొట్టలేదు. తువ్వాలు కొసతో కళ్ళు తుడుచుకుని, ఆయన చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"నువ్వు అడిగేవు కదా బావా. అడిగే కోసేవు. నీకు అబద్ధం సెప్పినోడెవడు?" అన్నాడు. "సెప్పు బావా. నా తమ్ముణ్ణి సంపినోడి పేరు సెప్పు."